మత్తు వదిలే వేళ

ఆపరేషన్ అయ్యాక మత్తు వదిలేటప్పుడు కొందరు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, సెలైన్ గొట్టం పీకేయబోతారు. తల్లి ఎదురుగా ఉన్నా గుర్తుపట్టరు. దీన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటారు. బడికి వెళ్లే వయసుకు ముందున్న పిల్లల్లో, సెవోఫ్లూరేన్ వాయువుతో మత్తు ఇచ్చినప్పుడు, టాన్సిల్స్, మెల్లకన్ను ఆపరేషన్ల తర్వాత ఇది ఎక్కువ. చాలామందికి అరగంటలోపే సర్దుకుంటుంది, ఆ తర్వాత గుర్తుండదు. ఈలోగా కుట్లు తెగవచ్చు, బిడ్డ మంచం మీంచి పడవచ్చు.

హైదరాబాద్‌లోని ఒక పిల్లల ఆస్పత్రిలో నివారణ థియేటర్ బయటి గదిలోనే మొదలవుతుంది. భయంతో మత్తులోకి జారిన బిడ్డ కలవరంగా లేచే అవకాశం హెచ్చు. ఆకలిదప్పులతో చిరాకుపడకుండా 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగనిస్తారు. మేం చూడటానికి వెళ్లిన ఉదయం ఒక నర్సు సంచి ఉన్న మాస్కును ముందు బొమ్మకు తొడిగి, తర్వాత నాలుగేళ్ల పాప చేతికిచ్చింది. "ఊదు తల్లీ, సంచి ఉబ్బుతుందేమో చూద్దాం!" పాప ఊదింది, సంచి ఉబ్బింది, మళ్లీ ఊదింది. బాగా బెదిరే పిల్లలకు మిడజోలం సిరప్ పడుతుంది. అయితే అది బెదురు తగ్గించినంత నమ్మకంగా ఈ కలవరాన్ని ఆపదు.

లోపల మత్తు డాక్టరు ముందుచూపు నొప్పి మీద. బొడ్డుకు దిగువన చేసే ఆపరేషన్లకు నడుము చివర కాడల్ బ్లాక్ అనే మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ నొప్పి లేకుండా లేస్తుంది. డెక్స్‌మెడెటోమిడిన్, లేదా చివర్లో కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున ప్రొపోఫాల్ ఇస్తే కలవరం తగ్గుతుంది. కాస్త ఆలస్యంగా లేవడమే వాటి ఖరీదు.

రికవరీ గదిలో దీపాలు తగ్గించి, తట్టి లేపకుండా వదిలేస్తారు. మెలకువ వచ్చే సమయానికి తల్లిని పక్కన కూర్చోబెడతారు. బిడ్డ పెనుగులాడితే ముందు ఆక్సిజన్, షుగర్, నొప్పి, మూత్రం నిండటం చూస్తారు. ఆ తర్వాతే ఈ కలవరాన్ని కొలిచే, 2004లో వెలువడిన పీఏఈడీ స్కేలు. కళ్లలోకి చూస్తోందా, కావాలని కదులుతోందా, పరిసరాలు తెలుస్తున్నాయా, నిలకడ లేదా, ఊరడిస్తే ఊరుకుంటోందా అన్న అయిదింటికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 10 దాటితే డెలీరియంగా అనుమానిస్తారు. గాయమయ్యేంత తీవ్రమైతే కొద్దిగా ప్రొపోఫాల్ ఇస్తారు; లేకుంటే పడిపోకుండా పట్టుకుని, తగ్గేదాకా కనిపెట్టుకుని ఉంటారు.