లారా వెనక, నా వెనక

'టూంబ్ రైడర్' ఆటలో కెమెరా ఎప్పుడూ లారా క్రాఫ్ట్ వెనకే ఉంటుంది. ఆమె వీపు, వీపున సంచి, తొడల దగ్గర రెండు పిస్తోళ్ళు, పొట్టి నిక్కరు. ఆటంతా కనిపించేది ఇదే. ఆడేవాళ్ళు ఆమెను నడిపిస్తారు కాబట్టి ఆమె వాళ్ళేనా? వెనక నిలబడి చూస్తుంటారు కాబట్టి వాళ్ళ కళ్ళెదుటి బొమ్మేనా? ఈ ప్రశ్న మీద స్త్రీవాద విమర్శలో బోలెడు చర్చ జరిగింది. ఆ చర్చలో నాకెప్పుడూ ఒక మనిషి తక్కువైనట్టుంటుంది. ఆడుతున్న అమ్మాయి వెనక నిలబడి చూసేవాళ్ళ సంగతేమిటి?

మా ఇంటికి కంప్యూటర్ 1999లో వచ్చింది. అన్నయ్య చదువు కోసం కొన్నారు కాబట్టి అది అన్నయ్య కంప్యూటర్. పెట్టింది హాల్లో. అన్నయ్య స్నేహితుడెవరో ఇచ్చిన సీడీలో ఈ ఆట ఉంది. నేను కూర్చుంటే చాలు, కుర్చీ వెనక ఇద్దరో ముగ్గురో చేరేవాళ్ళు. "గోడకి ఆనించి నిలబెట్టు, ముందువైపు కనబడుతుంది" అని ఒకడు. బట్టలు విప్పే కోడ్ ఉందట, కొట్టమని ఇంకొకడు. ఆటలో అలాంటి కోడేదీ లేదు. ఆ పుకారు మా హాల్లో పుట్టిందీ కాదు, అప్పట్లో లోకమంతా తిరిగింది. వాళ్ళు మాట్లాడేది లారా గురించే. చున్నీ సర్దుకునేది నేను.

అందుకని మధ్యాహ్నాలు ఎంచుకున్నాను. రెండింటి నుంచి నాలుగింటిదాకా, అమ్మ కునుకు తీసే వేళ. ఆడపిల్లకి తుపాకులేమిటని అమ్మ ఒక్కరోజూ అనలేదు, కరెంటు బిల్లు గురించే ఆవిడ బాధంతా! అలా పెరూ గుహలు దాటి గ్రీసు చేరాను. అక్కడ 'సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీ' అనే లెవెల్. పాతాళం దాకా దిగే బావిలాంటి కట్టడం, దాని గోడల్లో థోర్, అట్లాస్, నెప్ట్యూన్, డామొక్లిస్ పేర్లతో నాలుగు గదులు, ఒక్కోదాంట్లో ఒక్కో తాళంచెవి. మూడు తెచ్చుకున్నాను. నాలుగోది తెచ్చుకునేలోగా అన్నయ్య కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టాడు. నా పరీక్షల మేలు కోరి అన్నారు. పరీక్షలయ్యాక ఆ పాస్‌వర్డ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

2024 ఫిబ్రవరి 14న మొదటి మూడు ఆటలనూ కొత్త బొమ్మలతో మళ్ళీ విడుదల చేశారు. నేను నింటెండో స్విచ్ మీద కొనుక్కున్నాను. రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది. తెర నా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది, వెనక నిలబడటానికి చోటుండదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఆడతాను, పడుకునే ముందు దుప్పటిలో ఆడతాను. ఇంతకాలం 'ఆట మారింది' అనుకోవాల్సిన చోట, మారింది ఆడే చోటని అర్థమైంది.

కొత్త పద్ధతిలో పుల్లని ఎటు తోస్తే లారా అటు పరిగెత్తుతుంది. నేను పాత పద్ధతే పెట్టుకున్నాను. అందులో ముందు తిరగాలి, తర్వాత నడవాలి. ఆ లోకమంతా సమానమైన గళ్ళతో కట్టింది. అంచుదాకా నడిచి, ఒక్క గెంతు వెనక్కి వేస్తే పరుగుకి సరిపడా దూరం వస్తుంది. దూకి గాల్లో ఉండగా మీట వదలకుండా పట్టుకుంటే అవతలి అంచు చేతికందుతుంది. ఇంకో సంగతి. పరిగెడితే పడిపోతుంది కానీ, నడక మీట నొక్కి నడిపిస్తే అంచు దగ్గర తనే ఆగుతుంది. వెనక జనం ఉన్నప్పుడు ఈ నడక ఎవరికీ నచ్చేది కాదు. "దూకించవే, బోరు" అనేవాళ్ళు. ఇప్పుడు పావుగంటైనా అంచున నిలబడి కొలుచుకుంటాను. సంగీతం కూడా చాలాసేపు ఉండదు, ఆమె అడుగుల చప్పుడే. ఏ మగాడూ కాపాడటానికి రాడు, ఎక్కడికి పోతున్నావని అడగడు. డామొక్లిస్ గదిలో తాళంచెవి తీసుకున్నాక పైన వేలాడే కత్తులు ఊడిపడతాయి. వాటి కింద నుంచి ఒక్కో అడుగే వేస్తూ బయటికొచ్చిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఒక మీట నొక్కితే కొత్త బొమ్మల స్థానంలో 1996 నాటి బొమ్మలు వస్తాయి. పాత లారా అంతా ముక్కోణాలు. ఆ రెండు పిరమిడ్ల కోసమా అంత గొడవ! నిజానికి ఆ ఊపు ఆటలోకంటే దాని చుట్టూ ఉన్న ప్రచారంలో ఎక్కువ తయారైంది. లారా వేషం కట్టడానికి మోడళ్ళని పెట్టుకున్నారు, 1997లో 'ది ఫేస్' పత్రిక ముఖచిత్రం చేశారు. ఆమెను ఊహించిన టోబీ గార్డ్ అదే ఏడాది డెర్బీలోని కోర్ డిజైన్ సంస్థ వదిలి వెళ్ళిపోయాడు. ఈ ప్రచారం తీరు నచ్చకేనంటారు. ఆ మొదటి ఆటకి కథ, మాటలు రాయడంలో విక్కీ ఆర్నాల్డ్, లెవెళ్ళు కట్టడంలో హెదర్ గిబ్సన్ ఉన్నారు. ఇద్దరూ ఆడవాళ్ళే. పోస్టర్ ఎరిగిన వాళ్ళలో ఈ పేర్లు ఎంతమందికి తెలుసు?

కొత్త విడుదల తెరవగానే ఒక ప్రకటన వస్తుంది. ఈ ఆటల్లో జాతుల గురించీ సంస్కృతుల గురించీ అవమానకరమైన చిత్రణలున్నాయి, తప్పు ఒప్పుకుని నేర్చుకోవాలని మార్చకుండా ఉంచామని. మంచిదే. స్త్రీ శరీరాన్ని అమ్ముకున్న తీరు గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

కానీ ఆ ప్రకటన చెప్పేది అబద్ధం కాదు. 1998 నాటి మూడో ఆట మన దేశంలోనే మొదలవుతుంది. అడవి, పాడుబడ్డ గుడి, గంగానది. పులుల్ని కాల్చాలి. గుళ్ళో 'శివ' అని పిలిచే, ఎన్నో చేతుల విగ్రహాలు కత్తులతో ప్రాణం పోసుకుని మీదికొస్తాయి, వాటినీ కాల్చాలి. లారాని మొదట దక్షిణ అమెరికా అమ్మాయిగా, లారా క్రూజ్ అనే పేరుతో అనుకున్నారు. తర్వాత ఇంగ్లండు దొరల బిడ్డని చేశారు. ఆ మార్పు బరువు నాకు పెరూలో తెలియలేదు, ఈ గుళ్ళో తెలిసింది. ఒంటరిగా తిరిగే స్వేచ్ఛ, ఎవరినీ అడగకుండా ఎవరి గుడి తలుపైనా తీసే హక్కు ఆమెకు ఒకే మూటలో వచ్చాయి. మొదటిది నాకూ కావాలి. రెండోది జరిగేది నా వాళ్ళ ఇంట్లో.

నా పదమూడేళ్ళ కూతురు నిన్న తొంగిచూసి, "అమ్మా, ఆ విగ్రహాన్ని ఎందుకు కాలుస్తున్నావ్?" అంది. కాల్చకపోతే చంపేస్తుందన్నాను. "వాళ్ళ గుళ్ళోకి నువ్వెందుకెళ్ళావ్ మరి?" అని, జవాబు కోసం ఆగకుండా, తనకీ ఒకసారి ఇవ్వమని చెయ్యి చాపింది. ఇచ్చి, పప్పు దించడానికి వంటింట్లోకి వెళ్ళాను.