అతికించిన ఫోటోలు, అతికించకూడని ఒక ఫోటో



ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ఈసారి కూడా చాలాచోట్ల మనవాళ్ళు పాత ఫోటోల ప్రదర్శన పెడతామంటున్నారు. పెద్ద ప్రింట్లు తీయించి, బోర్డుకి అతికించి ఫ్రేము కట్టడం ఎలాగని ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. కానీ ముందు నేను ఏం పాడుచేశానో చెప్పాలి.

మూడేళ్ళ కిందట విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు, పాడేరులో పెట్టడానికి పద్దెనిమిది ఫోటోలు సిద్ధం చేద్దామనుకున్నాం. సెలవుల్లో ఊరూరూ తిరిగి ట్రంకు పెట్టెల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి ఫోటోలు సేకరించాం. సంతలో తీయించుకున్నవి, పెళ్ళివి, ధింసా ఆడుతున్నవి. వాటిని స్కాన్ చేయించి అసలువి ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాం. 20 అంగుళాలకి 30 అంగుళాల సైజులో ప్రింట్లు తీయించాం. ఇంత తిప్పలు ఎందుకంటే, 1909లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల పుస్తకం లైబ్రరీలో చూశాం. అందులో మనలాంటి వాళ్ళ ఫోటోల కింద చాలాచోట్ల తెగ పేరే ఉంది, మనిషి పేరు లేదు. మా ఫోటోల కింద మనిషి పేరు, ఊరి పేరు రాయాలని మా పట్టుదల.

ఉన్న డబ్బులు ప్రింట్లకే అయిపోయాయి. అతికించే పని నేను చేస్తానన్నాను. హార్డ్‌బోర్డు ముక్కలు కోయించాను. చెక్క పనికి వాడే తెల్ల గమ్ములో నీళ్ళు కలిపి, బ్రష్షుతో పూసి, ప్రింట్లు పరిచి అరచేత్తో రుద్దేశాను. మధ్యలో పెట్టడానికి మా తాత ఫోటో తెచ్చాను. అరచేతంత నలుపు తెలుపు ఫోటో. ఆయనది ఇంకోటి లేదు. పెద్దది చేస్తే మొహం మసకబారుతుందేమోనని అసలు ఫోటోనే ఒక పెద్ద అట్ట మధ్యలో అతికించేశాను. ఊళ్ళో అందరి ఫోటోలూ స్కాన్ చేయించినవాణ్ణి, మా ఇంటిదే కదా, ఎప్పుడైనా చేయించొచ్చులే అని దాన్ని వదిలేశాను.

తెల్లారి చూస్తే ఒక్కటీ చదునుగా లేదు. కొన్ని బుడగలు లేచాయి, కొన్ని ముడతలు పడ్డాయి. బోర్డులు విల్లులా వంగిపోయాయి. ప్రింట్లు పోతే మళ్ళీ తీయించుకోవచ్చు. తాత చెంప మీద కూడా ముడత పడింది. సరిచేద్దామని అంచు పట్టి లేపాను. కాగితం మధ్యలోకి చీలి, చెంప దగ్గర చిరిగిపోయింది.

ఇంటికెళ్ళి చెప్పాను. నాన్న తిట్టలేదు. ఆ ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, "మా నాయన ఎలా ఉండేవాడో మీ చెల్లికి ఇంక నోటితోనే చెప్పాలి" అన్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాత హాస్టల్ దగ్గర ఫ్రేముల షాపు పెద్దాయన దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాను. ఆయన చెప్పింది ఇదీ. కాగితం నీళ్ళు తాగితే సాగుతుంది. అన్ని వైపులా ఒకేలా సాగదు, ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. అందుకే ముడతలు. ఆరేటప్పుడు మళ్ళీ కుదించుకుంటూ బోర్డుని తనవైపు లాగుతుంది. అందుకే వంపు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా కష్టం. కాబట్టి పెద్ద ప్రింటుకి తడి గమ్ము జోలికి పోవద్దు.

ప్రదర్శనకి 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు సరిపోతుంది. తేలిక, బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కించడానికి కూడా సులువు. ప్రింటు చేయించేటప్పుడే చుట్టూ అర అంగుళం ఎక్కువ వదలమనండి. చుట్టి తెచ్చిన ప్రింటుని ఒక రోజు పరిచి ఉంచితే ఇంకూ ఆరుతుంది, చుట్టా పోతుంది. ఫ్యాను ఆపి, బోర్డుని పొడి గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా పైకి గుల్లలా కనబడుతుంది.

రెండు వైపులా జిగురుండే గమ్ షీట్ రోల్‌గా దొరుకుతుంది. ముందు దాన్ని బోర్డుకి అతికించాలి. తర్వాత పైన ఉన్న కాగితం ఒక చివర రెండు అంగుళాలే ఒలిచి, ప్రింటు అంచు తిన్నగా చూసుకుని నొక్కాలి. ఈ పని ఒక్కరివల్ల కాదు. ఒకరు ప్రింటుని బోర్డుకి తగలకుండా ఎత్తి పట్టుకోవాలి. రెండోవారు కింది కాగితం కొంచెం కొంచెం లాగుతూ, మెత్తటి గుడ్డ చుట్టిన స్కేలుతో మధ్యనుంచి పక్కలకి నొక్కుతూ పోవాలి. తొందరపడితే గాలి లోపల ఉండిపోతుంది. చిన్న బుడగ మిగిలితే సన్నటి సూదితో ఏటవాలుగా గుచ్చి నొక్కితే పోతుంది. చివర్న కొత్త బ్లేడు, స్టీలు స్కేలుతో మిగిలిన అంచు కోసేయాలి. బోర్డు వెనక కూడా అలాంటి కాగితమే అతికిస్తే రెండు వైపులా లాగుడు సమానమై వంగదు. ఫ్రేము కట్టేటప్పుడు గ్లాసు ఫోటోకి తగలకూడదు, మధ్యలో అట్ట అంచు ఉండాలి. తగిలితే తేమకి ఫోటో గ్లాసుకి అంటుకుపోతుంది.

ఇదంతా ప్రింట్లకే. అసలు ఫోటోని దేనికీ అతికించొద్దు. కాగితంతో నాలుగు మూలలకీ చిన్న జేబులు చేసి, జేబుల్నే అట్టకి అతికించి, ఫోటోని వాటిలోకి దూర్చాలి. గమ్ము ఫోటోకి తగలకూడదు. కావాలంటే ఎప్పుడైనా బయటికి తీయొచ్చు.

ఆ ఏడు ప్రింట్లు మళ్ళీ తీయించి పాడేరు పట్టుకెళ్ళాం. ఒక ముసలమ్మ తన పెళ్ళి ఫోటో ముందు నిలబడి, కింద రాసిన పేరు చదవమని మమ్మల్ని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చదివాం.

తాత చిరిగిన ఫోటోని కూడా స్కాన్ చేయించాను. చెంపని కంప్యూటర్లో బాగుచేసి ఇస్తానని స్టూడియో అబ్బాయి అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "నువ్వు గీయిస్తే అది మా నాయన చెంప ఎలా అవుతుంది?" అన్నారు. చిరుగుతోనే పెద్దది చేసి, పైన చెప్పినట్టే సన్‌బోర్డుకి అతికించాం. చదునుగా వచ్చింది. చిరుగు కూడా బాగా కనబడుతోంది. ఇప్పుడు మా ఇంట్లో గుమ్మం ఎదురుగా ఉంది. అసలు ముక్క కాగితం జేబుల్లో, పెట్టెలో ఉంది.

ఈ వారం మీరు ఊరెళ్తే ముందు మీ ఇంట్లో ఫోటో స్కాన్ చేయించండి. తర్వాతే ఊరివాళ్ళవి.

జోహార్.