గద్దల పద్దు

ఆదివారం ఉదయం పది గంటలు. దిల్‌సుఖ్‌నగర్‌ సందులో చికెన్‌ షాపు ముందు జనం. కింద కత్తి చప్పుడు... పైన గద్దల గిరికీలు. ఒకటి, మూడు, ఏడు, పదకొండు... లెక్కపెడుతుండగానే ఒకటి మెట్రో వంతెన దాటి కొత్తపేట వైపు జారిపోతుంది. ఇంకోటి కరెంటు స్తంభం మీద వాలుతుంది. ఇంతకీ ఎన్ని? వరుసలో నిలబడ్డ అందరికీ కిలో ధర తెలుసు. గద్దల లెక్క మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ లెక్క కోసమే కొండలెక్కేవాళ్లున్నారంటే నమ్ముతారా?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్‌ మౌంటెన్‌ అనే కొండ ఉంది. వలసపోయే డేగల్ని కాల్చడానికి ఒకప్పుడు జనం అక్కడికి తుపాకులతో వెళ్లేవారు. 1934లో రోజలీ ఎడ్జ్‌ అనే ఆవిడ ఆ కొండను లీజుకు తీసుకుని వేట ఆపించింది. తుపాకులు పోయాయి, బైనాక్యులర్లు వచ్చాయి. డీడీటీ ముప్పు గురించి రేచల్‌ కార్సన్‌ 1962లో రాసిన ‘సైలెంట్‌ స్ప్రింగ్‌’కు ఆ కొండ మీది లెక్కలూ సాక్ష్యమిచ్చాయి. మన దేశంలోనూ అలాంటి చోటుంది. హిమాచల్‌లోని ధర్మశాల దగ్గర 2001 శరత్తులో, 2002 వసంతంలో వలస గద్దల్ని లెక్కించారు. స్టెప్పీ గద్దలే వేలల్లో తేలాయి!

కొండే ఎందుకు?

గాలి కొండవాలుకు తగిలి పైకి లేస్తుంది. గద్ద దానిమీద రెక్కలు చాపి, ఆడించకుండానే సాగిపోతుంది. మైదానంలో ఆ పని ఎండ చేస్తుంది. నేల వేడెక్కి, గాలి స్తంభంలా పైకి లేస్తే, పక్షి అందులో చుట్లు తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కణ్నుంచి జారుతుంది. మండే మార్చి, ఏప్రిల్‌ నెలల్లో ఎల్బీనగర్‌ చౌరస్తా మీదా అదే జరుగుతుంది. మనం చెమట తుడుచుకుంటాం. గద్ద ఆ వేడినే మెట్లు చేసుకుంటుంది.

ఎల్బీనగర్‌ దాటి విజయవాడ రోడ్డెక్కితే, వనస్థలిపురం పక్కనే మహావీర్‌ హరిణ వనస్థలి. నిజాం కాలంలో వేట అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ పార్కు అయింది. సుమారు 3,600 ఎకరాలు. అందరూ కృష్ణజింకల్ని చూసి వెళ్తారు. తల కాస్త పైకెత్తితే పాముల గద్ద కనిపించవచ్చు. గాల్లో ఒకేచోట నిలబడి, కింద గడ్డిలో పాము కోసం వెతుకుతుంది. చుట్టూ ఇళ్లూ షెడ్లూ లేచినా దానికింకా మిగిలిన వేటమైదానమిది.

తెలుగునేల మీద వలస గద్దల లెక్కకు పేరున్న చోటు మాత్రం నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి పిల్లి గద్దలు చలికాలానికి అక్కడికొస్తాయి. చెట్లెక్కవు. పొద్దువాలే వేళ వచ్చి గడ్డిలో, నేలమీదే పడుకుంటాయి. లెక్కపెట్టేవాళ్లు ముందే వెళ్లి కూర్చుని, దిగే ఒక్కొక్కదాన్నీ రాసుకుంటారు. వసంతంలో అవి తిరుగుప్రయాణం కడతాయి. దేశంలోని ఇలాంటి స్థావరాల లెక్కలన్నీ కలిపి 2018లో చూస్తే, ముప్పై ఏళ్లలో పిల్లి గద్దలు తగ్గాయని తేలింది. సాయంత్రాలు గడ్డిలో కూర్చుని రాసినవాళ్లు లేకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

రాబందు నేర్పిన పాఠం

ఊరి బయట పశువు చస్తే రాబందులు వాలడం పాతతరం చూసిందే. లెక్కపెట్టాలని ఎవరికీ తోచనంత మామూలు పక్షి. భరత్‌పూర్‌లో వరుసగా లెక్కలు తీసిన విభుప్రకాశ్‌కే మొదట అనుమానమొచ్చింది. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు దేశంలో వెయ్యింటికి ఒక్కటి చొప్పున మిగిలాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్‌ మందే కారణమని 2004లో బయటపడింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే ఆకాశం ఖాళీ.

మరి దిల్‌సుఖ్‌నగర్‌ గద్దలో? చెత్త మీద బతికే పక్షేగా అని తీసిపారేయకండి. ఢిల్లీలో చలికాలం గడిపే కొన్ని గద్దలకు పరిశోధకులు ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే, అవి వసంతంలో హిమాలయాల్ని దాటి, 3,300 నుంచి 4,800 కిలోమీటర్లు ప్రయాణించి, కజకిస్థాన్‌, రష్యా, మంగోలియా, చైనా సరిహద్దుల దాకా వెళ్లాయి!

కొండ లేకపోతేనేం, మేడ ఉంది. ఒకే మేడ, ఒకే వేళ, వారానికి ఒక్క గంట. తిరిగే పక్షిని రెండుసార్లు లెక్కించకుండా, ఒకేసారి కళ్లకు ఆనినవాటిలో పెద్ద సంఖ్యను రాసుకోవాలి. ఒక్కటీ రాకపోతే సున్నా కూడా రాయాలి. రేపటికి అసలు విలువ ఆ సున్నాదే.

చికెన్‌ షాపులో తూకం అయిపోయింది. మిగిలిన ముక్కను కుర్రాడు గాల్లోకి విసిరాడు. నేలకు తాకనే లేదు... పన్నెండోది తన్నుకుపోయింది.