నాలుగు తీగల పొదుపు

గత మాఘమాసమున మేము మా యింటి ఇంటర్నెట్టును 100 మెగాబిట్ల వేగమునుండి 300 మెగాబిట్లకు పెంచుకొంటిమి. ఈ కోరిక మా కోడలిది. ఆమె పెండ్లి వీడియోలను కూర్చి, దిద్ది, ఫొటోగ్రాఫర్లకు పంపు పనిని ఇంటనుండియే చేయుచున్నది. ఒక్కొక్క పెండ్లి 20 గిగాబైట్లుండును. ముహూర్తముల దినములలో అవి పోవువఱకును ఆమె రాత్రి పదకొండు గంటలదాక కుర్చీ విడువజాలకపోవుట మేము చూచుచునే యుంటిమి. కంపెనీవారు పాత రౌటరును తీసికొనిపోయి క్రొత్తదానిని హాలులో బిగించిరి. వచ్చిన కుఱ్ఱవాడు తన ఫోనుతో కొలిచి, 300 చూపి, దండము పెట్టి వెడలిపోయెను.

వెనుకగదిలో మాత్రమేమియు మాఱలేదు. హాలులోని వైఫై రెండు గోడలు దాటి అచ్చటికి వచ్చుసరికి చిక్కిపోవును. అందుచేత కోడలు గోడలోని కేబులుమీదనే ఆధారపడియున్నది. ఆమె ల్యాపుటాపు ఎన్నిమారులు కొలిచినను 93 చూపును, 94 చూపును, 95ను దాటదు. కుఱ్ఱవానిని మరల పిలిపింపగా, హాలులో 300 వచ్చుచున్నది గావున తమ పూచీ తీఱినదనియు, ల్యాపుటాపు పాతదనియు చెప్పి పోయెను. మా అబ్బాయిదియు అదే మాట. మగవారిద్దఱు ఒక మాటపై నుండగా ఆ మాట ఋజువైనట్లే యగుట మన యిండ్లలో వాడుక. కోడలు మాఱు పలుకక, మూడేండ్లుగా కట్టుచున్న చీటీని పాడి, 80 వేలు పెట్టి క్రొత్తది కొనుటకు సిద్ధపడెను. ఆ చీటీ మనుమరాలి కాలేజీ చదువునకని దాచుకొన్నది. మాకు మనసొప్పలేదు.

ఈ విద్య మాకు రాదు. అయినను పప్పు ఉడకనిచో కుక్కరు తప్పా, గ్యాసు తప్పా, పప్పు తప్పా యని ఒక్కొక్కటే మార్చి చూచుట ఏ గృహిణికి తెలియదు? ల్యాపుటాపును హాలునకు తెప్పించి, రౌటరుతోబాటు వచ్చిన పొట్టి కేబులుతో నేరుగా తగిలింపించితిమి. 287 వచ్చినది. తెరపై లింకు వేగము 1000 అని యుండెను. అదే ల్యాపుటాపును, అదే పొట్టి కేబులుతో, వెనుకగది గోడ సాకెట్టునకు తగిలింపగా మరల 94, లింకు 100. పాపము, ల్యాపుటాపు నిర్దోషి. దోషము గోడలో నున్నది.

ఆ 94 అను అంకెలోనే గుట్టంతయు నున్నదని తరువాత తెలిసికొంటిమి. లింకు 100 మెగాబిట్లకు కుదిరినపుడు, ప్రతి పొట్లముపైనను వ్రాయు చిరునామాలు మొదలగువాని బరువు పోగా మనకు మిగులునది సుమారు 94. నెట్టు కేబులులో ఎనిమిది సన్నని తీగలు రెండేసి చొప్పున పెనవేసికొని నాలుగు జంటలుగా నుండును. 1995 నాటి 100 మెగాబిట్ల పద్ధతికి రెండు జంటలు చాలును. 1999లో ఆమోదింపబడిన 1000 మెగాబిట్ల పద్ధతికి నాలుగును కావలెను. వానిలో ఒక్క తీగ తెగినను, సరిగా నంటకున్నను, రౌటరును ల్యాపుటాపును 1000కి ప్రయత్నించి, కుదరక, 100కు దిగి సరిపెట్టుకొనును. కొన్ని పరికరములైతే అసలే కలియవు. దిగితిమని నోరు విప్పి యెవ్వరితోను చెప్పవు. ఇంటికి వచ్చునది 100 మాత్రమే యైనంతకాలము ఈ లోపము మాకు కానరాలేదు. 300 వచ్చిననాడు బయటపడినది.

పనివానిని పిలిపించి సాకెట్టు మూత విప్పించితిమి. నారింజరంగు జంటయు ఆకుపచ్చ జంటయు మాత్రమే సాకెట్టులోనికి పోయినవి. గోధుమరంగు జంట చుట్టి లోనికి త్రోయబడియున్నది. నీలి జంట ప్రక్కనున్న చిన్న పెట్టెలోనికి పోయి, అచ్చటనుండి గూటిలోని టెలిఫోనునకు చేరుచున్నది.

చూడగనే మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ గది మా మామగారిది. 2011లో అబ్బాయి చదువునకు నెట్టును, మామగారికి మంచముకడనే ఫోనును కావలసివచ్చినపుడు, గోడ రెండుమారులు పగులగొట్టనేల, ఒక్క కేబులులోనే రెండును పంపుమని పనివానితో చెప్పినది మేమే. నాటికది తప్పును గాదు. ఆదివారము సాయంకాలము మస్కటునుండి మా ఆడుబిడ్డ ఆ ఫోనుననే తండ్రితో మాటలాడెడిది.

మామగారు 2017లో కాలము చేసిరి. టెలిఫోను కనెక్షనును 2019లో మానివేసితిమి. ఫోనుమాత్రము గూటిలోనే యున్నది. మా అత్తగారు దానిని ప్రతి శుక్రవారమును తడిబట్టతో తుడుచుచుందురు. దాని తీగ కోయవలెనని ఆమెతో చెప్పుటకు మాకు నోరాడలేదు. రెండు దినములు జరిపితిమి. చీటీ పాట సోమవారమునాడు. శనివారమున అత్తగారే, "ఆ మూత ఎందుకు విప్పి యుంచినారే?" అని యడిగిరి. ఉన్నది చెప్పితిమి.

"ఆ తీగలో మాట వచ్చి యెన్నాళ్లయినదే?"

"చాలా యేండ్లయినదండీ, అత్తయ్యగారూ."

"మఱి పిల్లదాని పని ఆపి కూర్చున్నారేమి? తీగ కోయుమను. ఫోను మాత్రము కదపవద్దు."

పని పావుగంటలో ముగిసినది. హాలులోని కొనయందును, వెనుకగది కొనయందును ఎనిమిది తీగలను క్రొత్త సాకెట్లలో బిగించిరి. లింకు 1000, వేగము 286. మునుపు ఒక పెండ్లి పోవుటకు 28 నిమిషములు తక్కువ గాకుండ పట్టెడిది. ఇప్పుడు పది నిమిషములలో పోవుచున్నది. రౌటరు మార్చుకొను సోదరీమణులు ముందుగా కేబులు కొననున్న గాజువంటి ప్లగ్గులోనికి చూచి రంగులు లెక్కింపవలెను. చౌకబారు కేబుళ్లలో కొన్నిటికి నాలుగు తీగలే యుండును. పైతొడుగుపై క్యాట్ 5ఈ యనియో, అంతకు పైయంకెయో అచ్చువేసియున్నచో మేలు. మా టీవీ నేటికిని 94 దాటదు. దాని సాకెట్టే 100కు చేసినది. సినిమా చూచుటకు పాతికకు మించి అక్కఱలేదు గనుక, ఆ గోడయు త్రవ్వింతునన్న అబ్బాయిని వారించితిమి.

పనివాడు పోవుచు, "ఈ ఫోను తీసివేయనా, అమ్మా?" అని యడిగెను. అత్తగారు వలదని చేయి యూపి, తెగి వ్రేలాడుచున్న తీగను తామే చుట్టి ఫోను వెనుక నుంచిరి. సోమవారమునాడు కోడలు చీటీ పాటకు పోలేదు.