రెంటన్‌లో ఎడమ చేతి గిటార్

18 సెప్టెంబర్ 2022, ఆదివారం

రెంటన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానానికి వెళ్ళొచ్చాం. 1970లో ఇదే రోజున గిటారిస్టు జిమి హెండ్రిక్స్ లండన్‌లో పోయాడు. నిండా 28 కూడా రాలేదు. ఇక్కడ అతని సమాధికి మూడు స్తంభాల మీద గ్రానైట్ గుమ్మటం, రాతి మీద చెక్కిన అతని ముఖం. బుగ్గల నిండా ఎవరెవరివో లిప్‌స్టిక్ ముద్రలు. కింద పాత సమాధి రాయి మీద జనం వదిలిన గిటార్ పిక్కులు, చిల్లర నాణేలు. ఆ రాయి మీదున్న స్ట్రాటోకాస్టర్ గిటార్ బొమ్మని చూసి మా అమ్మాయి, "ఇది కుడిచేతి వాళ్ళదమ్మా!" అంది. జిమిలాగే దానిదీ ఎడమచేతి వాటమే, ఇట్టే పట్టేసింది.

1 అక్టోబర్, శనివారం

జిమిని గ్రీన్‌వుడ్‌లో మట్టి చేసింది 1970లో ఈ రోజునే. సియాటిల్ చర్చిలో ప్రార్థనకి జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ అంతటివాడు వచ్చాడట. 1958లో పోయిన తల్లి లూసీల్‌నీ ఈ శ్మశానంలోనే పూడ్చారు. పేదల ఖాతాలో పెట్టిన చిన్న గుర్తురాయి, అదీ ఏళ్ళ తరబడి మట్టిలో కూరుకుపోయింది. పాటల హక్కుల కోసం తండ్రి ఆల్ కోర్టుకెక్కి, 1995లో వాటిని దక్కించుకున్నాడు. ఆ గుమ్మటం కట్టించాలనుకున్నదీ ఆయనే. 2002 నవంబర్‌లో కొడుకుని అక్కడికి మార్చేసరికి ఆయన లేడు.

27 నవంబర్, ఆదివారం

అతని పుట్టినరోజు. పొద్దున్నుంచీ అతని 'ఎలక్ట్రిక్ లేడీలాండ్' ఆల్బమ్ మోగుతోంది. కుడిచేతి గిటార్‌ని తిరగేసి, తీగలు మాత్రం మళ్ళీ తన వాటానికి బిగించుకునేవాడు. దాంతో నాబులూ, స్వరాన్ని వణికించే కడ్డీ పైకొచ్చేవి. బ్రిడ్జి దగ్గర ఏటవాలుగా ఉండి తీగల శబ్దాన్ని పట్టే పికప్ కూడా తిరగబడి, లావు తీగలు మరింత పదునుగా పలికేవి. ఎడమచేత్తో వాయించడం ఆల్‌కి గిట్టేది కాదని, నాన్న ఉన్నప్పుడు జిమి కుడిచేత్తో వాయించేవాడని అతని తమ్ముడు లియోన్ చెప్పాడు.

సాయంత్రం మా నాన్న ఫోన్ చేశారు. "పిల్లని గిటార్ క్లాసులో చేర్పిస్తున్నావుగా, కుడిచేత్తోనే నేర్పించమ్మా, తర్వాత మార్చుకోలేదు" అన్నారు. చిన్నప్పుడు ఎడమచేత్తో ఏదన్నా అందిస్తే నా వేళ్ళ మీద చురుక్కుమనిపించిన మనిషి. "దాని వాటం దానిదే నాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఎడమచేతి గిటార్‌కి అద్దె ఎంతట?" అని అడిగారు.