మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు

1998 మార్చి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. కామారెడ్డి అప్పటికి జిల్లా కాలేదు, నిజామాబాద్‌లోనే ఉంది. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే రోడ్డుకు నేను ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. లింగంపేట దాటాక ఒక ఊరుంది. పేరు రాయను, ఆ ఊరివాళ్లు చదివితే వాళ్లకు తెలిసిపోతుంది. బడి విడిచాక రోడ్డు దాటుతున్న ఒక పిల్ల మీదికి లారీ వచ్చింది. పిల్ల అక్కడికక్కడే పోయింది.

ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. ఎడ్లబండ్లు అడ్డం పెట్టారు. అటు ఎల్లారెడ్డి బస్సులు, ఇటు కామారెడ్డి బస్సులు ఆగిపోయాయి. నేను పోయేసరికి పొద్దు గుంకుతోంది. ఒక పెద్దమనిషి నా మోటారుసైకిల్ హ్యాండిల్ పట్టుకుని, "బ్రేకర్ ఎయ్యాలె సారూ. ఎయ్యకుంటే మేం లెవ్వం" అన్నాడు. కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతు.

ఈ రాత్రికే వేయిస్తానన్నాను. గుంతలు పూడ్చడానికి తెచ్చిన డాంబరు కంకర కొంత మిగిలి ఉంది. గ్యాంగు కూలీలు నలుగురు దొరికారు. రోలర్ లేదు, దిమ్మిసతో కొట్టించాను. "ఎంత వెడల్పు సార్?" అని ఒక కూలీ అడిగితే మోచెయ్యి చాపి చూపించాను. మూరెడు. ఎత్తు జానెడుకు వేలెడు తక్కువ. తెల్లరంగు స్టాకులో లేదు, ఇండెంట్ పెట్టి తెప్పించాలి. ముందు బ్రేకర్ ఉందని చెప్పే బోర్డు కూడా తర్వాత చూద్దామనుకున్నాను. రాత్రి పదకొండింటికి బస్సులు కదిలాయి. ఊరివాళ్లు చాయ్ తాపించారు. ఇంటికి పోతూ మంచి పని చేశాననుకున్నాను. ఈ మాట దాచను.

పదకొండో రోజు సాయంత్రం ఎల్లారెడ్డి అంగడి చేసుకుని భార్యాభర్తలు చేతక్ స్కూటర్ మీద వస్తున్నారు. ఆమె వెనక ఒకపక్కకు కూర్చుంది, ఒళ్లో కూరగాయల సంచి. చీకటిపడింది. నల్ల రోడ్డు మీద నల్ల బ్రేకర్. ఆ స్కూటర్ నలభై కూడా దాటి ఉండదు. బండి ఎగిరి మళ్లీ నేలను తాకింది, ఆయన హ్యాండిల్ వదలలేదు. ఆమె పట్టుకోవడానికి ఏమీ లేదు. తల రోడ్డుకు కొట్టుకుంది. 108 అనే నంబరు పుట్టడానికి ఇంకా ఏడేళ్లుంది. జీపులో కామారెడ్డికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. మూడో రోజు ఆమె చనిపోయింది.

కేసు ఆయన మీద పెట్టారు. 304-ఎ. అతివేగంగా, అజాగ్రత్తగా బండి నడిపి భార్య మరణానికి కారణమయ్యాడని. రెండేళ్లు వాయిదాలకు తిరిగాడు. ఒకసారి ఎల్లారెడ్డి బస్టాండులో ఎదురుపడితే ఆయనే నమస్తే పెట్టి, "నేనే సూసుకోలె సారూ" అన్నాడు. నేను తల ఊపాను. అంతే, తల ఊపాను. ఆ బ్రేకర్ నేను వేయించిందని ఆయనకు తెలుసు. అది ఉండవలసినట్టు లేదని మాత్రం తెలియదు. ఆ మాటకొస్తే ఆ రోజు నాకూ సరిగ్గా తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, ఒక శిక్షణ తరగతిలో. పాఠం చెప్పేవాడు బోర్డు మీద ఒక వంపు గీసి, దీని పుట్టిల్లు ఇంగ్లండ్ అన్నాడు. అక్కడి ప్రభుత్వ రోడ్డు పరిశోధనశాలలో వాట్స్ అనే ఆయన రకరకాల దిమ్మెలు వేసి, రకరకాల బండ్లు నడిపించి చూసి, 1973లో నివేదిక ఇచ్చాడు. ఆయన తేల్చిన కొలత పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అంగుళాల ఎత్తు. అంత పొడవు ఎందుకంటే, పొట్టి దిమ్మె మీద బండి ఎంత జోరుగా పోతే కుదుపు అంత తక్కువ తెలుస్తుంది. టైరూ స్ప్రింగూ దెబ్బను మింగేస్తాయి. పొడవాటి దిమ్మె దీనికి తలకిందులు. దాని మీద బండి మొత్తం ఎక్కి దిగాలి, జోరు పెంచినకొద్దీ లోపలి మనిషికి కష్టం పెరుగుతుంది. అంటే నేను వేసిన మూరెడు దిమ్మె జోరుగా పోయే లారీవాడిని ఏమీ అనదు. మెల్లగా పోయే స్కూటర్ వెనక కూర్చున్న ఆడమనిషిని ఎత్తి పడేస్తుంది. ఏ లారీ కోసం వేశానో ఆ లారీకి దాంతో పనే లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి బీరువా తెరిచాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 99వ నంబరు పుస్తకం, 1988 నాటిది, నా దగ్గరే ఉంది. దుమ్ము దులిపి చూశాను. 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. అవే పన్నెండు అడుగులు, అవే నాలుగు అంగుళాలు. పెద్ద రోడ్డు మీద వేయొద్దు, ఊరి దారి వచ్చి పెద్ద రోడ్డులో కలిసేచోట ఆ చిన్న దారి మీద వేయమని కూడా ఉంది. రంగు వేయాలి, ముందే బోర్డు పెట్టాలి. పరాయి దేశం పాఠం పదేళ్ల ముందే నా బీరువాలోకి వచ్చి కూర్చుంది. నేను దాని పేరు మాత్రం తీసుకుని కొలత వదిలేశాను.

ఆ తర్వాత లెక్కలు చదవడం ఒక రోగంలా పట్టుకుంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతుంది. ఆ మరణాల్లో 71 శాతానికి కారణం అతివేగమట. పట్టికలో ఆ గడి చూసినప్పుడల్లా నాకు చేతక్ గుర్తొస్తుంది. 1998 లెక్కల్లో ఆ భర్త ఏ గడిలో పడ్డాడో నాకు తెలుసు. నేను ఏ గడిలోనూ పడలేదు. ఏఈ అనే గడి ఆ పట్టికలో లేదు. ఇలాంటి పట్టిక ముందేసుకుని దేశానికి వ్యూహం రాస్తే అందులో ఏముంటుంది? డ్రైవర్లకు అవగాహన సదస్సులు, వారోత్సవాలు, ర్యాలీలు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు.

1997 అక్టోబరులో స్వీడన్ పార్లమెంటు ఒక తీర్మానం చేసింది. విజన్ జీరో అంటారు. రోడ్డు మీద ఒక్క ప్రాణం పోవడానికీ ఒప్పుకోం అన్నది అందరికీ తెలిసిన సగం. నన్ను నిలబెట్టింది రెండో సగం. మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు ప్రాణం ఖరీదు కాకుండా చూడాల్సింది రోడ్డు వేసినవాడు, బండి తయారుచేసినవాడు అన్నారు వాళ్లు. నేను మూరెడు దిమ్మె కొట్టించడానికి ఐదు నెలల ముందు మాట ఇది. మన చట్టంలోకి ఈ ఊహ 2019లో వచ్చింది. మోటారు వాహనాల చట్టంలో 198-ఎ అని కొత్త సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టి, దానివల్ల ప్రాణం పోతే అధికారికైనా కాంట్రాక్టరుకైనా లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష! నవ్వొస్తుంది. అయినా పట్టికలో మాకూ ఒక గడి గీశారు కదా, అదే పదివేలు.

ఇక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటారు. రాలేదు. 2018లో రిటైరయ్యాను. మా అబ్బాయి గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం. 2019లో మూడు నెలలు అక్కడే ఉన్నాను. వాళ్లింటి వీధిలో గుమ్మానికి ఎదురుగా ఒక దిమ్మె ఉంది. మొదటి రోజే దాన్ని అడుగులో అడుగేసి కొలిచాను. మనవరాలు కిటికీలోంచి చూసి నవ్వింది. ఊరి బయట వాళ్ల రోడ్లు చూసి నోరు తెరిచాను. మూడు వరసల రోడ్డు, మధ్య వరస కొంత దూరం వీళ్లకు, కొంత దూరం వాళ్లకు. రెండు దిక్కుల మధ్య ఉక్కు తీగ కంచె. ఎదురెదురుగా గుద్దుకునే అవకాశమే లేదు. ఉన్న పదమూడు మీటర్ల రోడ్డునే గీతలు మార్చి, తీగ కట్టి ఇలా చేసుకున్నారు. మరణాలు నాలుగింట మూడొంతులు తగ్గాయి.

తిరిగొచ్చి, ఒక కమిటీ వాళ్లు సలహా అడిగితే నలభై పేజీలు రాసిచ్చాను. కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డుకు మధ్యలో తీగ. బొమ్మలు కూడా గీశాను. అది చదివిన వాళ్లలో ఒకతను రైతు. ఒకటే అడిగాడు. "సారూ, కోతలప్పుడు వడ్లు యాడ ఆరబోయాలె? ట్రాక్టరు యాడ మలపాలె?"

నా నలభై పేజీల్లో వడ్లు లేవు. ముప్పై ఏళ్లు ఈ రోడ్ల మీద తిరిగినవాణ్ని! కోతల కాలంలో సగం రోడ్డు వడ్లే ఉంటాయి. వడ్ల మీదికి బండి రాకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి నల్ల పరదా కప్పుతారు. తెల్లారేసరికి ఎవడో ఒకడు ఆ రాయికి తగిలి కిందపడి ఉంటాడు. గోథెన్‌బర్గ్‌లో వడ్లు ఆరబోయరు గనక నా వ్యూహంలో వడ్లకు చోటు లేకపోయింది. ఇక్కడి రైతులకు కావలసింది తీగ కంచె కాదు, ఊరికో కల్లం. సిమెంటు చేసిన కల్లం రోడ్డు భద్రత పని అని ఏ దేశం పుస్తకంలోనూ ఉండదు. మొదటిసారి కొలత వదిలేసి పేరు తెచ్చాను. రెండోసారి కొలతతో సహా తెచ్చాను గానీ, ఎవరి ఒంటికి కొలిచారో చూడలేదు.

మనకు దగ్గరి చుట్టం స్వీడన్ కంటే వియత్నాం. అక్కడా ఇంటింటా మోటారుసైకిలే, అక్కడా ఎండే, హెల్మెట్ పెడితే ఉడికిపోతామన్న గొణుగుడే. 2007 డిసెంబరు 15న తలకు హెల్మెట్ లేకుండా ఏ రోడ్డు మీదికీ రావద్దన్నారు. ముందు నుంచే చాటింపు, ఆ రోజు నుంచే జరిమానా. కొద్ది రోజుల్లోనే నూటికి తొంభై మందికి పైగా పెట్టుకున్నారు. అందులోనూ ఒక చిల్లు మిగిలింది. చిన్నపిల్లలకు మొదట్లో జరిమానా లేదు కాబట్టి తల్లిదండ్రుల తలలకు హెల్మెట్లు, మధ్యలో కూర్చున్న పిల్లది బోడితల. తర్వాత దాన్నీ పూడ్చుకున్నారు. నేనైతే వాళ్ల విజయం కంటే ఆ చిల్లు గురించే ముందు రాస్తాను.

మనమూ కొన్ని సరిగ్గానే తెచ్చుకున్నాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కి మూలం అమెరికావాళ్ల 911. దాన్ని మన దారులకు తగ్గట్టు కుట్టుకున్నాం. పట్టపగలు మోటారుసైకిల్‌కు లైటు వెలగడం మలేసియావాళ్లు 1992 నుంచే పెట్టుకున్నారు. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లకు స్విచ్చే తీసేశారు. లైటు వేసుకోండి బాబూ అని ఎవరూ ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014 జూలై 24న కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు గుద్దింది. ఐదేళ్లు తిరక్కుండానే బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లన్నీ తీసేశారు. అటూ ఇటూ చూసి దాటండి అనే బోర్డును నమ్ముకోలేదు.

2022 మే 8న ఎల్లారెడ్డి దాటాక హసన్‌పల్లి గేటు దగ్గర ట్రాలీ ఆటో లారీని గుద్దుకుని తొమ్మిది మంది చనిపోయారు. సామాన్లు మోసే బండి అది. ఆ వార్త చదివి పాత నలభై పేజీలు బయటికి తీశాను. సీటు బెల్టు గురించి ఆరు పేజీలున్నాయి. ట్రాలీలో నిలబడ్డ మనిషికి సీటే లేదు. అతను బస్సు ఎందుకు ఎక్కలేదు, ఆ వేళకు ఆ ఊరికి బస్సు ఉందా అన్న ప్రశ్న ఒక్క వాక్యంలో కూడా లేదు. ఆ కాగితాలు చింపేయలేదు. ప్రతి పేజీ మార్జిన్‌లో నేను మరిచిపోయినవి పెన్సిలుతో రాసుకుంటున్నాను. బస్సు వేళలు. వడ్లు. పరదాలు. ఒకపక్కకు కూర్చునే ఆడవాళ్లు.

పోయిన ఏడాది ఆ చేతక్ ఆయన ఊరు వెళ్లాను. ఆయన ఉన్నాడు. కొడుకు దుబాయ్‌లో, కోడలు ఇంట్లో. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. ఇరవై ఐదేళ్ల నాటి మాట చెప్పాను. ఆ బ్రేకర్ అట్లా వేయకూడదని, రంగు లేకుండా వదలకూడదని, తప్పు నీది కాదు నాదని. ఆయన బీడీ ఆర్పి వింటూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "మరి ఎంత ఉండాలె?" అన్నాడు.

పన్నెండడుగులు అన్నాను.

లేచాడు. తులసిగద్దె దగ్గర మడమ ఆనించి, అడుగు వెంట అడుగు పెట్టుకుంటూ వాకిట్లో నడిచాడు. పన్నెండు దాకా లెక్కపెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి గద్దె వైపు చూశాడు.

"ఇంతనా?"

"అంతే."

కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కోడలిని కేకేసి రెండు చాయ్‌లు పెట్టమన్నాడు.