రంగు పూయని వేషం

వేషం వేయడం మా ఇంటికి కొత్త విద్య కాదు. మా ఊరు సంగం జాగర్లమూడి. గుంటూరు నుంచి వచ్చే పాసింజరు మా స్టేషనులో ఆగి, అంగలకుదురు దాటితే తెనాలి. మా తాతయ్య పగలంతా పొలంలో మనిషి. ఏడాదికి నాలుగైదు రాత్రులు మాత్రం హరిశ్చంద్రుడు. ఆ నాలుగైదు రాత్రుల కోసమే ఆయన తక్కిన రాత్రులు నిద్రపోయేవారని మా నాయనమ్మ వేళాకోళం చేసేది. సత్య హరిశ్చంద్ర నాటకం ఒక్క రాత్రిలో ముగ్గురు హరిశ్చంద్రులను చూపించడం మన వైపు మామూలే. వారిలో ఆయనది చివరి వంతు, అంటే కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రచించిన ఆ నాటకంలో, ఆ ఘట్టం వచ్చేసరికి జాషువా గారి శ్మశానవాటిక పద్యాలను కూడా చేర్చి పాడడం నటుల ఆనవాయితీ.

తాతయ్య మాటల్లో తరచుగా దొర్లే పేరు స్థానం నరసింహారావు గారిది. స్థానం వారు 1902లో బాపట్లలో జన్మించారు. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోగా, ఆ వేషం తాము ధరించి రంగస్థలం ఎక్కారు. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని అలరించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. చిన్నతనంలో ఆయన సత్యభామను చూసిన తాతయ్య ఒకటే మాట అనేవారు: "అంతసేపూ ఆడదేరా! తెర పడ్డాక లోపలికి వెళ్లి చూస్తే మనలాంటి మగవాడు." ఆ రెండో వాక్యం చెప్పేటప్పుడే ఆయన కళ్లు మెరిసేవి. ఎందుకో నాకు అప్పట్లో బోధపడలేదు.

నేను వేసిన వేషానికి రంగు అక్కరలేదు. 2005లో తెనాలిలో జూనియర్ ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, కాలేజీకి సమీపంలోని ఒక నెట్ సెంటరులో నేను దానిని మొదట ధరించాను. గంటకు పదిహేను రూపాయలు. పరీక్షల ఫలితాల కోసం వెళ్లిన నాకు, పక్క సిస్టం ముందు కూర్చున్న సీనియర్ ఒకడు తెరమీద గొడ్డలితో చెట్లు నరుకుతూ కనిపించాడు. ఎంతసేపటికీ నరుకుతూనే ఉన్నాడు. ఇదేం ఆట అని అడిగాను. "ఆట కాదు, ఊరు" అన్నాడు.

ఆ ఊరి పేరు రూన్‌స్కేప్. ఇంగ్లండులో పుట్టి, 2001 జనవరిలో లోకానికి వెల్లడైంది. ఇటువంటి లోకాలకు వంశవృక్షం ఉంది. 1974లో అమెరికాలో కాగితం, పెన్సిలు, పాచికలతో వేషాలు కట్టి ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కంప్యూటరులో కేవలం అక్షరాలతో ఒక లోకాన్ని నిర్మించి, అనేకులు ఒకేసారి అందులో సంచరించే వీలు కల్పించారు. బొమ్మలు, రంగులు తరువాత వచ్చి చేరాయి. ఆటగాడి బొమ్మకు వాళ్లు పెట్టుకున్న పేరు 'అవతార్'. మన మాటే అంత దూరం తిరిగి, తెనాలి నెట్ సెంటరులో మళ్లీ నాకు ఎదురైంది.

నా అవతారం మొదట ఒక చిన్న దీవిలో కళ్లు తెరిచింది. నిప్పు రాజేయడం, చేప పట్టడం, రొట్టె కాల్చడం, కత్తి పట్టడం అక్కడ నేర్పి, లంబ్రిడ్జి అనే కోట వాకిట వదిలిపెట్టారు. చేతిలో కంచు గొడ్డలి, ఒంటిమీద సాదా బట్టలు. అటు పిమ్మట ఏం చేయాలో చెప్పేవారు లేరు. చెట్లు నరికాను. చేపలు పట్టి కాల్చబోయి మాడ్చాను. ఆవులను చంపి తోళ్లు అమ్మాను (ఈ సంగతి మా నాయనమ్మకు చెప్పలేదు). ఇంట్లో మంచినీళ్ల బిందె ఎత్తమంటే విసుక్కునే నేను, అక్కడ గనిలో ఇనుపరాయి తవ్వి, బస్తాకు ఎత్తి, బ్యాంకుదాకా మోసి, మళ్లీ వెనక్కి నడిచి గంటలు గడిపాను. ఆశ్చర్యమేమంటే, అందులో నాకు ఆనందం కలిగింది. చేసిన ప్రతి పనికీ తెరమీద ఒక అంకె పెరుగుతుంది. మామూలు చెట్టు దుంగ ఒకటి పడితే 25. ఎవరి మెప్పుకూ, ఎవరి కోపానికీ సంబంధం లేకుండా, పడిన కష్టం పడినట్టే లెక్కలోకి వస్తుంది. వారానికొక టెస్టు పెట్టి, ర్యాంకుల పట్టీ గోడకు అంటించే చదువులో ఉన్న కుర్రవాడికి ఆ లెక్క ఎంత హాయినిస్తుందో, అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ లెక్కలోనే ఒక తిరకాసు ఉంది. అప్పట్లో ఒక్కొక్క విద్యలో 99 మెట్లు. చివరి మెట్టు ఎక్కడానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ మెట్టుకు 65,17,253. అంటే తొంభై రెండు మెట్లు ఎక్కినవాడు ఇంచుమించు సగం దారిలో ఉన్నాడన్నమాట! మొదటి మెట్లు నిమిషాల్లో గడుస్తాయి. పోనుపోను ఒక్కొక్కటి రోజులు తింటుంది. ఆ అలవాటు మనిషికి పట్టేసరికి, తొలినాళ్ల వేగాన్ని తలచుకుంటూ చివరినాళ్ల నత్తనడకను సహిస్తూ ఉంటాడు. నా టిఫిను డబ్బులు, బస్సు డబ్బులు, చివరకు భౌతికశాస్త్రం గైడు కొనమని అమ్మ ఇచ్చిన డబ్బులు ఆ నత్తనడకకే ఖర్చయ్యాయి.

విసుగు పుట్టించేవి ఇంకా ఉన్నాయి. కనెక్షను మందగించినప్పుడు నా అవతారం శత్రువు ఎదుట కొయ్యబొమ్మలా నిలబడిపోయేది. "నీ కవచానికి బంగారు అంచు కుట్టిస్తాను, ఇలా ఇయ్యి" అన్న ఒక పెద్దమనిషి కవచంతో సహా మాయమయ్యాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. లేని ఇనుముతో చేసిన లేని కవచం కోసం ఇంత దుఃఖమేమిటని నన్ను నేనే అడిగాను. కవచం లేనిదే కావచ్చు. దానికోసం తవ్విన నలభై గంటలు ఉన్నవే కదా!

ఆ మోసం జరిగిన మరునాడే నాకు ఒక స్నేహితుడు దొరికాడు. ఫిన్లాండు దేశపు కుర్రవాడు. అసలు పేరు నేనడగలేదు, అతడూ చెప్పలేదు. నా గోడు విని, తాను పట్టి కాల్చిన కత్తిచేపలు ఒక సంచెడు ఇచ్చాడు. తర్వాత కెంపు పొదిగిన తాయెత్తు స్వయంగా చేసి నా మెడలో వేయించాడు. నా ఆంగ్లం అంతంతమాత్రం, అతడిదీ అంతే. చెట్లు నరుకుతూ మాట్లాడుకునేవాళ్లం. ఒక డిసెంబరు సాయంత్రం, మాకు ఏడు గంటలవేళ, తనకు మధ్యాహ్నం మూడున్నర అని చెప్పి, అప్పుడే చీకటి పడిందన్నాడు. నేను నమ్మలేదు. మరునాడు కాలేజీ లైబ్రరీలో భూగోళ పుస్తకం తీసి చూస్తే అతని మాట నిజమే. ఆ ఏడాది నేను లైబ్రరీకి వెళ్లిన సందర్భం అదొక్కటేనని ఒప్పుకోవాలి. మిత్రుల జాబితాలో అతని పేరు ఆకుపచ్చగా ఉంటే నేనున్న లోకంలోనే ఉన్నట్టు. ఎర్రగా ఉంటే లేనట్టు. సిస్టం ముందు కూర్చోగానే నా కళ్లు మొదట ఆ రంగునే వెదికేవి.

ఈ వ్యవహారం ఎన్నాళ్లు దాగుతుంది? ఒకనాడు తాతయ్య విత్తనాల పనిమీద తెనాలి వచ్చి, నేరుగా నెట్ సెంటరులో అడుగుపెట్టారు. తిడతారని లేచి నిలబడ్డాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, "వీడేనా నీ వేషం?" అన్నారు. అవునన్నాను. నటుడు నటుణ్ని అడిగినట్టే అడిగారు: వీడి పేరేమిటి, ఎవరికి పుట్టాడు, ఎవరిమీద పగ, వీడికి పద్యం ఉందా? ఏదీ లేదన్నాను. డ్రాగన్‌ను చంపాలన్న కోరిక మాత్రం ఉందన్నాను. ఆయన కొంతసేపు తెర చూసి, "మరి తెర ఎప్పుడు పడుతుందిరా?" అన్నారు.

పడదన్నాను. మనం లేచి వచ్చినా ఆ ఊరు అలాగే నడుస్తూ ఉంటుందనీ, అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు అక్కడ చెట్లు నరుకుతూనే ఉంటారనీ గొప్పగా చెప్పాను. తాతయ్య మొహం చిన్నబోయింది. "మంగళం పాడేదెప్పుడు? రంగు కడుక్కునేదెప్పుడు?" అని గొణుక్కుని, విత్తనాల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

2007 ఫిబ్రవరి 16న మహాశివరాత్రి. సంగమేశ్వరస్వామి గుడి దగ్గర జాగరణకు నాటకం ఏర్పాటయింది. తాతయ్యకు డెబ్బై రెండేళ్లు, ఆయాసం. పెద్ద నాటకానికి ముందు, తొమ్మిది గంటలకు, ఆయనచేత కాటిసీను ఒక్కటి వేయించాలని ఊరివాళ్లు నిర్ణయించారు. ఇదే ఆఖరు వేషమని ఆయనే చెప్పారు. ఆయన హరిశ్చంద్రుణ్ని నేను చిన్నప్పుడు అమ్మ ఒళ్లో నిద్రపోతూ చూశానట. ఈసారి ముందు వరుసలో కూర్చుంటానని మాట ఇచ్చాను.

ఆ సాయంత్రమే నా డ్రాగన్ యుద్ధం కూడా కుదిరింది. పటం మూడు ముక్కలు సంపాదించి, ఓడ కొని, దాని కన్నాలు పలకలతో మేకులతో బిగించి, ముసలి సరంగును ఒప్పించడానికి నాకు నెలలు పట్టింది. ఏడున్నర పాసింజరు అందుకోవచ్చనే ధీమాతో ఆరు గంటలకు కూర్చున్నాను. క్రాండార్ అనే దీవిలో దిగి, గుహలోకి వెళ్లేసరికి ఏడుంబావు. ఎల్వార్గ్ అనే ఆ డ్రాగన్ నిప్పు కక్కింది. డాలు అడ్డుపెట్టి, చేపలు తింటూ, పొడుస్తూ సగం ప్రాణం తీశాను. బండి సంగతి గుర్తుంది. గుర్తుండే లేవలేదు. ఏడున్నర దాటింది. అప్పుడు కరెంటు పోయింది. ముందురోజు కోతకే యు.పి.ఎస్. నీరసించి ఉండడంతో, ఒక్క కూత కూసి అదీ ఆరింది.

యుద్ధం మధ్యలో మనిషి మాయమైనా అవతారం అక్కడే నిలిచి దెబ్బలు తింటుంది. చనిపోయినవాడికి అప్పట్లో విలువైన మూడు వస్తువులు మిగిలేవి. తక్కినవి అక్కడే నేలపాలు. కరెంటు వస్తే పరుగెత్తి వాటిని ఏరుకోవచ్చని చీకట్లో కూర్చున్నాను. ముప్పావుగంటకు వచ్చింది. తాయెత్తు లేదు, చేపలు లేవు. అప్పుడు గోడ గడియారం చూశాను.

షేర్ ఆటోలో తిరునాళ్ల జనం మధ్య ఇరుక్కుని ఊరు చేరేసరికి పదిన్నర. స్టేజిమీద వేరే పాత్రలున్నాయి. వెనుక పరదా చాటున, బల్బు కింద, తాతయ్య కొబ్బరినూనెతో అర్దళం రంగు తుడుచుకుంటున్నారు. సగం ముఖం హరిశ్చంద్రుడు, సగం మా తాతయ్య. రెండు పద్యాలకు వన్స్‌మోర్ కొట్టారని హార్మోనిస్టు నాతో చెప్పాడు. నేను నోరు మెదపలేదు. తాతయ్య అద్దంలోనే నన్ను చూసి, "చచ్చిందా డ్రాగను?" అన్నారు. లేదన్నాను. "నువ్వు చచ్చావా?" అవునన్నాను. ఆయన నవ్వారు. నూనె గుడ్డ నా చేతికిచ్చి, మెడ వెనుక తుడవమన్నారు.

పరీక్షలయ్యాక ఒకరోజు ఆ పద్యాలు నాకోసం మళ్లీ పాడమని అడిగాను. "కాటిసీను ఇంట్లో పాడకూడదురా, అబ్బాయ్. ఈసారి శివరాత్రికి చూద్దాంలే" అన్నారు. మరుసటి శివరాత్రికి ఆయన లేరు. ఎవరూ ఆ రాత్రి టేపు పట్టలేదు. ఫిన్లాండు మిత్రుడి పేరు కూడా ఆ ఏడాది చివర ఎర్రగా మారి, మళ్లీ ఆకుపచ్చ కాలేదు.

2013లో రూన్‌స్కేప్ నిర్వాహకులు, 2007 ఆగస్టు నాటి రూపాన్ని భద్రంగా దాచిన ప్రతి నుంచి పాత లోకాన్ని తిరిగి తెరిచారు. ఉద్యోగంలో ఉన్న నేను ఒక ఆదివారం అందులో ప్రవేశించాను. అదే కోట వాకిలి, అవే చెట్లు, అదే కంచు గొడ్డలి. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. కొన్ని నెలలకు ఓడ కొన్నాను, క్రాండార్‌లో దిగాను, డ్రాగన్‌ను చంపాను. ఈసారి కరెంటు పోలేదు. యుద్ధమంతా కలిపి నాలుగైదు నిమిషాలు పట్టింది.

గుహలోంచి ఒడ్డుకు వస్తుంటే, అప్పుడే దిగిన ఒకడు ఎదురై, అది చాలా కష్టమా అని అడిగాడు. ఏ దేశంవాడో తెలియదు. సంచిలో మిగిలిన కత్తిచేపలు పదకొండు అతనికిచ్చి, ఆ రాత్రికి ఆట చాలించి లేచాను.